కప్పు ఎగిరిపోయిన ఊరికి పాపను తీసుకుని వెళ్లాలా?

నల్లగొండ జిల్లా నుంచి ఒక పాఠకురాలు పంపిన సుదీర్ఘమైన ఉత్తరానికి ఇది సారాంశం. పేర్లు, ఊరి వివరాలు ఆమె కోరిక మేరకు తీసేశాం.

ఆమెకు ముప్పై మూడేళ్లు, పెళ్లయి ఎనిమిదేళ్లయింది. ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెబుతూ, టెట్ పాసై, డీఎస్సీ కోసం చదువుకుంటున్నారు. పాప ఒకటో తరగతి. అత్తమామలు మర్రిగూడ వైపు పల్లెలో పుట్టి పెరిగినవాళ్లు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగడంతో మామగారి నడుము, మోకాళ్లు బిగుసుకుపోయాయి. అత్తమ్మకు షుగర్. భర్త మూడేళ్ల కిందట కరీబియన్ సముద్రంలోని జమైకా వెళ్లి, ఆ ద్వీపానికి పడమటి కొసన ఉన్న సవన్నా-లా-మార్ పట్టణంలో ఒక నిర్మాణ సంస్థలో సైట్ సూపర్‌వైజరుగా చేస్తున్నారు. ఒప్పందం 2025 డిసెంబరుతో ముగిసి, ఆయన ఇంటికి రావలసి ఉంది.

అంతలో అక్టోబరు 28న మెలిస్సా తుఫాను సరిగ్గా ఆ జిల్లా మీదే తీరం దాటింది. అక్కడ మిట్టమధ్యాహ్నం, ఇక్కడ రాత్రి పదిన్నర. ఆ తర్వాత వారం దాకా ఫోన్ కలవలేదు. కలిసినప్పుడు "మంచిగనే ఉన్న, ఫికరు చెయ్యకు" అని ఒక్క మాట చెప్పి పెట్టేశారట. అద్దెకుంటున్న వెనక గదుల మీది జింకు రేకులు లేచిపోతుంటే, ముందు భాగంలో ఉండే ఇంటి యజమానురాలు, మనవళ్లున్న ఒక పెద్దావిడ, ఆయన్ను చెయ్యి పట్టి లాగి స్లాబు ఉన్న స్నానాలగదిలోకి తీసుకుపోయిందనీ, అందరూ మోకాటి లోతు నీళ్లలో గంటల తరబడి నిలబడ్డారనీ చాలా రోజుల తర్వాత చెప్పారు. డిసెంబరులో ఆయన మరో రెండేళ్లకు ఒప్పందం పొడిగించుకున్నారు. కట్టవలసిన ఇండ్లు కుప్పలుగా ఉన్నాయి, జీతం పెంచారు. సంతకం పెట్టిన తర్వాతే భార్యకు తెలిసింది. ఇప్పుడు జూన్‌లో పాపను తీసుకుని వచ్చేయమంటున్నారు. "రేకులు గాలికి కొట్టుకపోయే దేశానికి పసిపిల్లనెట్ల తీస్కపోతవ్ బిడ్డా" అని తల్లి, "వాడొక్కడే అంత బాధ పడుతుంటే పెండ్లాం పోకుంటే ఎవరు పోతరు" అని అత్తమ్మ. మామగారు మాత్రం నోరు విప్పడం లేదు. వెళ్లకపోతే సంసారం చెదురుతుందా, వెళితే బిడ్డకు అపాయమా, అసలు "ఆ దేశాన్ని వాళ్లే కట్టుకుంటారు, ఈయన ఇంటికి రావాలి" అని అనుకోవడం తన స్వార్థమా అని ఆమె అడుగుతున్నారు.

నా సమాధానం:

మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు ఒకదానికొకటి ముడిపడిపోయాయి. ఆ ఊరు ఇప్పుడు తల్లీబిడ్డలు బతకడానికి వీలుగా ఉందా అన్నది ఒకటి. మీ ఇంటి భవిష్యత్తును మీతో మాట్లాడకుండా ఆయన ఎందుకు నిర్ణయించారు అన్నది రెండోది. మొదటిదానికి జవాబు విచారిస్తే దొరుకుతుంది. రెండోది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవలసిన మాట. తుఫాను భయాన్ని అడ్డం పెట్టుకుని రెండో ప్రశ్నను దాటేస్తే, అది రేపు ఏ ఊళ్లో కాపురం పెట్టినా మీ వెంటే వస్తుంది. ఆయన మీద కోపంతో ఆ ఊరే పనికిరాదని తీర్మానించుకున్నా నష్టపోయేది మీరే. అందువల్ల రెండింటినీ విడివిడిగా చూద్దాం.

సంతకం సంగతి ముందు. ఆయన చేసింది తప్పు, ఈ మాట సూటిగానే చెబుతున్నాను. రెండేళ్ల నిర్ణయం మీ ఉద్యోగాన్ని, డీఎస్సీని, పాప చదువును, ఇద్దరు పెద్దవాళ్ల బాగోగులను మొత్తంగా కదిలిస్తుంది. దాన్ని అయిపోయిన కబురుగా చెప్పే హక్కు ఎవరికీ లేదు. మీకు వచ్చిన కోపం న్యాయమైనది. అయితే ఆయన ఏ స్థితిలో సంతకం పెట్టి ఉంటారో కూడా చూడండి. తలమీది కప్పు కళ్లముందే లేచిపోయిన మనిషి, తన ప్రాణం కాపాడిన ముసలావిడ ఇల్లు టార్పాలిన్ కింద ఉన్నప్పుడు, చేతిలో పని తెలిసీ విమానం ఎక్కలేకపోయి ఉండవచ్చు. మీకు చెబితే మీరు ఏడుస్తారని, ఏడిస్తే తాను ఆగలేనని అనుకుని ఉండవచ్చు. పెద్ద ఆపద నుంచి బయటపడినవాళ్లు కొంతకాలం ఆ చోటును వదలలేకపోవడం, ఇంట్లోవాళ్లతో ఆ సంగతులు మాట్లాడలేకపోవడం నేను ఎన్నో ఉత్తరాల్లో చూశాను. ఇదంతా తప్పును ఒప్పు చేయదు. "నీవు ఎందుకు చెప్పలేదు" అని అడిగే ముందు "ఆ రోజు ఏం జరిగిందో మొదటినుంచి చెప్పు" అని మీరు అడిగితే, మొదటి ప్రశ్నకు కూడా జవాబు దానంతట అదే రావచ్చు. అక్కడికీ మనకూ పదిన్నర గంటల తేడా ఉంది కాబట్టి, ఆయన పని ముగించుకుని అలసిపోయి, మీరు వంటింట్లో బడి వేళకు తొందరపడుతూ ఉండే సమయంలో కాక, ఒక ఆదివారం తీరికగా ఈ మాట పెట్టుకోండి.

ఇక ఆ ఊరి సంగతి. మెలిస్సా అయిదో కేటగిరీ, అంటే తీవ్రతలో అన్నిటికంటే పై మెట్టు తుఫానుగా, గంటకు దాదాపు 295 కిలోమీటర్ల గాలులతో, ఆయన ఉండే వెస్ట్‌మోర్‌ల్యాండ్ జిల్లాలోనే న్యూ హోప్ దగ్గర తీరం దాటింది. జమైకా రికార్డుల్లో ఇంత బలమైన తుఫాను నేరుగా తాకడం అదే మొదటిసారి. పక్కనున్న సెయింట్ ఎలిజబెత్‌లో బ్లాక్ రివర్ పట్టణం దాదాపు నేలమట్టమైంది. ఆ దేశానికి కూరగాయలు పండించి పెట్టేది ఆ జిల్లానే. మొత్తం నష్టం 880 కోట్ల డాలర్లని, అది ఆ దేశపు ఏడాది ఉత్పత్తిలో 41 శాతానికి సమానమని అంచనా వేశారు. సవన్నా-లా-మార్ ఆసుపత్రి సహా పడమటి వైపు అయిదు పెద్ద ఆసుపత్రులు తీవ్రంగా దెబ్బతిన్నాయి. ఇంత దెబ్బ తిన్న చోటు ఒక్క ఏడాదిలో మామూలు కాదు.

"అంతా బాగైంది, హోటళ్లు కూడా తెరిచారు" అని ఆయన మీకు చెప్పారని రాశారు. పర్యాటకం మీద బతికే దేశం కాబట్టి డిసెంబరు 15 నాటికే హోటళ్లను తిరిగి నడపాలని అక్కడి ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. అది వాళ్లకు అవసరం కూడా, ఎందుకంటే హోటల్ తెరిస్తేనే వేల ఇండ్లలో పొయ్యి వెలుగుతుంది. కానీ హోటలుకు సొంత జనరేటరు, సొంత నీటి ట్యాంకర్లు ఉంటాయి, దాని వెనక వీధిలో అవి ఉండవు. మన దగ్గర 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి అలంపూర్, రాజోలి మునిగినప్పుడు కూడా ఇదే చూశాం. రోడ్డు ముందు బాగైంది, కరెంటు తర్వాత వచ్చింది. ఇండ్లు, రాజోలి నేతగాళ్ల మగ్గాలు మాత్రం ఏళ్ల తరబడి ఎదురు చూడవలసి వచ్చింది. కనుక ఊరు కోలుకుందా అని అడగవద్దు. మీరు ఉండబోయే ఆ రెండు గదులు, పాప వెళ్లబోయే ఆ ఒక్క బడి, జ్వరమొస్తే పరుగెత్తవలసిన ఆ ఒక్క ఆసుపత్రి ఎలా ఉన్నాయని అడగండి.

అన్నిటికంటే ముందు కప్పు గురించి అడగండి. ఆయన సైట్ సూపర్‌వైజరు, ఈ ప్రశ్నకు ఆయనకంటే బాగా జవాబు చెప్పగలవాళ్లు లేరు. నిచ్చెన వేసుకుని పైకెక్కి, కప్పు దూలం గోడను తాకే చోటును ఫోన్లో వీడియో తీసి పంపమనండి. అక్కడ దూలాన్ని గోడకు కట్టిపడేసే ఇనుప పట్టీ ఉండాలి. ఉత్త మేకులతో నిలబెట్టిన కప్పును పెనుగాలి కింది నుంచి ఎత్తేస్తుంది. రేకులకు మేకులు కాకుండా స్క్రూలు వేశారో లేదో, అంచుల దగ్గర వాటిని దగ్గర దగ్గరగా వేశారో లేదో కూడా చూపించమనండి. ఇంకా టార్పాలినే ఉంటే ఆ ఇంటికి పాపను తీసుకువెళ్లే ప్రశ్నే లేదు, వేరే స్లాబు ఇల్లు చూడాలి. సముద్రానికి ఎంత దూరం, ఎంత ఎత్తు అన్నది కూడా అడగాలి. ఆ పట్టణం తీరం ఒడ్డునే ఉంది, తుఫాను రోజుల్లో గాలితో పాటు ఉప్పెన కూడా వస్తుంది.

నీళ్ల విషయం మీ ఇంట్లోవాళ్లకు నేను చెప్పనక్కర లేదు. చెడ్డ నీళ్లు మనిషిని ఏం చేస్తాయో మామగారి నడుమును చూస్తూ బతికినవాళ్లు మీరు. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. మన ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అక్కడ తుఫాను తర్వాతి నీళ్లలో ఉండేది ఎక్కువగా క్రిములు, కాబట్టి తెర్లేదాకా మరిగించి చల్లార్చితే అవి చస్తాయి. నూనెలు, రసాయనాలు కలిసిన బావి నీళ్లయితే మరిగించినా లాభం లేదు, వాటిని ముట్టుకోకూడదు. తుఫాను తర్వాత నవంబరులో అక్కడ లెప్టోస్పిరోసిస్ వ్యాపించిందని ప్రభుత్వమే ప్రకటించింది. ఎలుకల మూత్రం కలిసిన బురద నీళ్లలో, కాలి మీద చిన్న గాయం ఉన్నా, దాని గుండా లోపలికి పోయే జబ్బు ఇది. ఉత్తకాళ్లతో నీళ్లలో ఆడకుండా పాపను ఆపగలిగితే చాలావరకు తప్పించుకోవచ్చు. జ్వరంతో పాటు పిక్కలు విపరీతంగా నొస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి, మొదట్లోనే మందు పడితే తగ్గిపోతుంది. డెంగీ మనకు తెలిసినదే, అక్కడా ఉంది.

బడి గురించి ఆయన మాటే మీరు రాశారు: దగ్గరలోని బడిలో సగం గదులకు కప్పు లేదు, పిల్లలు పూటల వారీగా వస్తున్నారు. ఇది భయపడవలసిన విషయం కాదు, కానీ మీరు లెక్కలోకి తీసుకోవలసిన విషయం. అర్ధపూట బడి అంటే మిగతా అర్ధపూట బిడ్డ మీ దగ్గరే ఉంటుంది. మీరు ఇంగ్లీషు మీడియంలో పాఠాలు చెప్పే టీచరు కాబట్టి ఆ లోటు పూడ్చగలరు. అయితే మీరు అక్కడ జీతానికి ఉద్యోగం చేయాలంటే మీ పేరు మీద విడిగా వర్క్ పర్మిట్ కావాలి, ఆయన పర్మిట్ మీకు పనికిరాదు. ఈ మాట ఆయన మీకు చెప్పినట్టు ఉత్తరంలో కనబడలేదు. ఇక్కడ నెలనెలా చేతికి వచ్చే సొంత సంపాదన అక్కడ ఆగిపోతుందని తెలిసే అడుగు వేయాలి.

తుఫాను మళ్లీ వస్తుందా అన్నది మీ అమ్మగారి అసలు భయం. ఆ సముద్రంలో తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా, అందులోనూ ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు గట్టి నెలలు. ఇంతకుముందు ఆ దేశం ఇంత పెద్ద దెబ్బ తిన్నది 1988 సెప్టెంబరులో, గిల్బర్ట్ తుఫానుకు. మధ్యలో ముప్పై ఏడేళ్లు గడిచాయి కదా అని ధీమా పడటానికీ లేదు, 2024 జూలైలోనే బెరిల్ తుఫాను దక్షిణ తీరాన్ని ఒరుసుకుంటూ పోయింది. ఏటా కప్పులు లేస్తాయని కాదు, కానీ బాగుచేసీ చేయని కప్పుకు ఓ మోస్తరు గాలి కూడా చాలు. ఈ లెక్కన జూన్‌లో రమ్మనడం నాకు ఏమాత్రం నచ్చలేదు. మన బడుల్లో కొత్త తరగతి మొదలయ్యే వేళ చూసుకున్నారు గానీ, అది అక్కడ తుఫానుల కాలం మొదలయ్యే నెల అన్నది ఆయన పట్టించుకోలేదు. లేదా పట్టించుకోనంతగా మిమ్మల్ని చూడాలని ఉంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

వేసవి సెలవుల్లో కొన్ని వారాలు మాత్రమే వెళ్లి, బడులు తెరిచే లోపు తిరిగి రావడం ఒక దారి. ఖర్చుతో కూడినది, పైగా హైదరాబాదు నుంచి నేరుగా విమానం లేదు. అమెరికా మీదుగా వెళితే విమానం మారడానికి కూడా వీసా కావాలి, పాపకు విడిగా కావాలి. కాగితాలు ఇప్పుడే మొదలుపెడితే తప్ప అందవు. కానీ ఆ ఇల్లు, ఆ బడి, ఆ పెద్దావిడను మీ కళ్లతో చూసి వస్తే, తర్వాత తీసుకునే నిర్ణయం ఎవరో చెప్పిన మాట మీద కాకుండా మీ సొంత అంచనా మీద నిలుస్తుంది. డబ్బు ఇబ్బందైతే పాపను మీ అమ్మగారి దగ్గర ఉంచి మీరొక్కరే వెళ్లినా ఆ ప్రయోజనం నెరవేరుతుంది. నన్నడిగితే నా మొగ్గు ఇటే.

తుఫానుల కాలం గడిచాక, డిసెంబరులో కాపురానికి వెళ్లడం రెండోది. అప్పటికి కప్పు, బడి ఇంకొంత కుదుటపడతాయి, ఈలోగా డీఎస్సీ నోటిఫికేషన్ వస్తే పరీక్ష రాసే వీలుంటుంది. పాప ఏడాది మధ్యలో బడి మారవలసి వస్తుంది, ఒకటి రెండు తరగతుల పిల్లకు అది పెద్ద నష్టం కాదు. అయితే ఆయన ఒప్పందంలో అప్పటికి మిగిలేది ఒక్క ఏడాదే. ఏడాది కోసం ఇక్కడి ఉద్యోగం వదులుకోవడం మీకు సమ్మతమేనా అని మిమ్మల్ని మీరే అడగాలి, వేరే ఎవరూ ఆ జవాబు చెప్పలేరు.

మీరు వెళ్లకుండా, ఆయన్నే ఒప్పందం మధ్యలో రమ్మనడం కూడా అడగదగినదే. ముందుగా వదిలితే తిరుగు టికెట్టు ఎవరిది, జరిమానా ఉందా అన్నది ఒప్పంద పత్రంలో ఉంటుంది, దాని ఫోటో పంపమనండి. కానీ ఆ పెద్దావిడ ఇంటి మీద కప్పు వేయకుండా లాక్కొచ్చిన మనిషి, ఇక్కడికి వచ్చినా సగం మనసు అక్కడే వదిలి వస్తాడని నా అనుమానం. "ఆ ఇల్లు పూర్తిచేసి రా" అని గడువు పెట్టి అడిగితే, ఆ మాట ఆయన నిలబెట్టుకోగలరు.

నాలుగోది, రెండేళ్లూ ఎక్కడివాళ్లు అక్కడే ఉండటం. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో తరాల తరబడి ఆడవాళ్లు ఇలాగే ఇల్లు నిలబెట్టారు, బొంబాయికి, దుబాయికి పోయిన మగవాళ్ల కోసం ఎదురు చూస్తూ. వాళ్లు భరించారు కదా అని మీరూ భరించాలని నేను అనను. ఈ దారి ఎంచుకుంటే మాత్రం ఏటా ఒకసారి రావడం, మీ పేరు మీద ఇంత పొదుపు, మళ్లీ సంతకం పెట్టే ముందు మీ మాట వినడం అన్నవి ఇద్దరి మధ్య ఖాయంగా ఒప్పుకుని ఉండాలి. లేకుంటే రెండేళ్లు నాలుగవుతాయి.

స్వార్థమా అని అడిగారు. కాదమ్మా. వారం రోజులు భర్త బతికున్నాడో లేదో తెలియకుండా, ఆ సంగతి ముఖంలో కనబడనీయకుండా, బడికి వెళ్లి పిల్లలకు లెక్కలు చెప్పి వచ్చారు మీరు. ఆయన ఇంటికి రావాలని కోరుకోవడం అక్కడివాళ్ల కష్టాన్ని చులకన చేయడం కాదు. ఆ దేశాన్ని కట్టుకునే చేతులు అక్కడా ఉన్నాయి, ఆయన ఒక్కరి మీదే అది ఆగలేదు. అదే సమయంలో, ఆ పెద్దావిడ చెయ్యి పట్టి లాగకపోతే ఈ ఉత్తరం మరోలా ఉండేది. ఆమె రుణం మీ ఇంటి రుణం కూడా అనుకుంటే, మీరు రాసినట్టు ఆయన ఆదివారాలు ఆ ఇంటి కప్పు బాగుచేస్తూ గడపడం మీకు కొంత తేలికగా తోచవచ్చు. ఆమెతో ఒకసారి వీడియోలో మాట్లాడండి. ఆ ఊళ్లో మీకు రేపు తోడయ్యేది ఆమే. మన దేశం నుంచి మొదటి ఓడ 1845 మేలో జమైకా తీరానికి చేరింది, చెరకు తోటల కూలీలతో. వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు, మన కూరలు అక్కడి వంటలో కలిసిపోయాయి. వాళ్లు కల్లలూ అనేది మన తోటకూరే. ఒంటరితనం ఉంటుంది గానీ, మీరు ఊహించుకున్నంత పరాయి చోటు కాదు.

మామగారు మాట్లాడటం లేదన్నారు. ఆయన్ను కూర్చోబెట్టి అడిగినవాళ్లున్నారా? కొడుకు తిరిగి రావాలని ఉండీ, తన ముసలితనం వాళ్లకు అడ్డమనిపించుకోకూడదని ఊరుకుని ఉండవచ్చు. అత్తమ్మ "పో" అంటున్నారు గానీ, మీరు వెళితే మామగారిని లేపి కూర్చోబెట్టేదెవరు, అత్తమ్మ షుగర్ మందులు తెచ్చేదెవరు అన్నది ఎవరూ మాట్లాడలేదు. ఆడబిడ్డ ఉన్నారని రాశారు కదా, ఏ దారి ఎంచుకున్నా ఈ సంగతి ముందే ఆమెతో తేల్చుకోండి. దీనికయ్యే ఖర్చు ఆయన పెరిగిన జీతంలోంచి నెలనెలా రావాలి, ఇది మీరు సంకోచపడి అడగవలసిన విషయం కాదు.

వెళ్లడానికే నిశ్చయించుకుంటే, చేరగానే కింగ్‌స్టన్‌లోని మన హైకమిషన్‌లో ముగ్గురి పేర్లూ నమోదు చేయించండి. పాప జనన ధ్రువపత్రం, టీకాల కార్డు, టీసీ నకళ్లు నీళ్లు తగలని కవరులో పెట్టుకోండి, ఫోటోలు తీసి ఆడబిడ్డకు కూడా పంపి ఉంచండి. మందులు డాక్టరు చీటీతో సహా తీసుకెళ్లండి. మిక్సీ తీసుకుపోవచ్చా అని చివర్లో అడిగారు, వద్దు. అక్కడి కరెంటు 110 వోల్టులు, మన మిక్సీ తిరగదు. ఆ బరువుకు బదులు కారం, చింతపండు, పాపకు రెండు జతల రబ్బరు బూట్లు పెట్టుకోండి.